యాభై దాటిన పసిపిల్లలు

1992 ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం కోటిలింగం తిన్నది చోడి అంబలి, నంజుకోవడానికి ఎండు నెత్తళ్ళ వేపుడు, ఓ పచ్చి ఉల్లిపాయ. తెనాలి దగ్గర మాగాణి ఊళ్ళో పుట్టి, సన్నబియ్యం అన్నం తప్ప ఇంకోటి ఎరగని పొట్ట అది. బీయే ప్యాసయ్యాక ప్రజా ప్రయాణ సంస్థలో ఉద్యోగం వచ్చింది. శ్రీకాకుళం అవతల గారపేట బస్టాండుకి వేస్తే, రేకుపెట్టె పట్టుకుని దిగాడు. బస్టాండు వెనక ఒకావిడ భోజనాల ఇల్లు నడిపేది. ఆవిడ కూతురు అసిరమ్మ వడ్డించింది.

"ఇదేమిటండీ, రాగిజావా?" అన్నాడు కోటిలింగం మర్యాదగా.

ఆ పిల్ల గరిటె పట్టుకునే నవ్వింది. "ఓలమ్మ, రాగిజావంట! అమ్మా, ఈ బావుకి చోడంబలి తెల్దంట. ఏ దేశం నుంచి వచ్చీసినాడో ఏటో!"

ఇరవై ఏడేళ్ళ మగవాణ్ణి పరాయి ఊళ్ళో నలుగురు డ్రైవర్ల ముందు ఒక ఆడపిల్ల నవ్విందంటే అతనికి రెండే దార్లు. భోజనాల ఇల్లు మార్చుకోవాలి, లేదా ఆ పిల్లని ఇంకోసారి నవ్వించాలి. కోటిలింగం రెండోది ఎంచుకున్నాడు. మర్నాడు వచ్చి, "చోడంబలి ఉన్నాదేటి?" అన్నాడు. ఎక్కడ సాగదీయాలో తెలీక అన్నిచోట్లా సాగదీశాడు. ఆమె గోడకి జారబడి నవ్వింది. నవ్వుతూనే దిద్దింది. ఏడాది తిరిగేసరికి నవ్వడానికి తప్పులు మిగల్లేదు, పెళ్ళి చేసుకోక తప్పలేదు.

అసిరమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో ఆమె ఫోటోలున్నాయి. గొంతు లేదు. ఫోనులో రికార్డు చెయ్యాలని ఎప్పుడూ తోచలేదు. పక్కనే ఉండి మాట్లాడుతున్న మనిషిని రికార్డు చేసుకునేవాడు ఎవడుంటాడు? కాబట్టి ఆమె మాట తీరు ఇప్పుడు మిగిలింది ఒక్కచోటే, కోటిలింగం నోట్లో. అతను బస్టాండులో మైకు దగ్గర కూచునేవాడు. "పాలకొండ ఎల్లీ బస్సు మూడో నంబర్లోకి వచ్చీసింది. బేగెక్కీయండి బావూ, సీట్లున్నాయి" అంటుంటే, ఆ 'బేగె' దగ్గర కొండెక్కి 'బావూ' దగ్గర దిగే లాగుడు అచ్చంగా ఆమెదే. రోజంతా అరిచి అలిసిపోయినా, సాయంత్రం మైకు ఆపడానికి అతనికి మనసొప్పేది కాదు.

అలాంటి రోజుల్లో రాష్ట్ర ఉచ్చారణ ప్రమాణాల మండలి పుట్టింది.

దాని పుట్టుక ఇలా జరిగింది. పెద్ద అధికారుల బృందం ఒకటి, బస్టాండ్లు ఎలా కడతారో చూసొద్దామని చలిదేశానికి వెళ్ళింది. అక్కడ భోజనాల హాలనుకుని ఒక సభలోకి దూరింది. వేదిక మీద పసిపిల్లల చెవుల మీద పరిశోధన చేసిన పండితుడు మాట్లాడుతున్నాడు. పుట్టిన బిడ్డ లోకంలోని అన్ని భాషల ధ్వనుల్నీ విడివిడిగా పోల్చగలదట. ఏడాది నిండేలోపల తన ఇంటి ధ్వనుల్ని ఉంచుకుని మిగతావి వదిలేస్తుందట. పెరిగేకొద్దీ నాలుక ఆ ఇంటికే అలవాటు పడిపోతుంది, అందుకే పెద్దయ్యాక కొత్త భాష నేర్చినా పాత యాస వెంటబడి వస్తుంది అన్నాడు. చెప్పి ఆయన ఊరుకున్నాడు. మనవాళ్ళు ఊరుకోలేదు. తిరిగొచ్చిన నెల్లోపే మండలి వెలిసింది.

సర్క్యులరు గారపేటకి వచ్చిన రోజు డిపో మేనేజరు తవిటినాయుడు కోటిలింగాన్ని పిలిచి, కళ్ళజోడు తుడుచుకుని పైకి చదివాడు.

"యాస యనునది బాల్యమున నాలుకకు పట్టు తుప్పు. ప్రయాణికులకు వినబడు ప్రకటనలయందు ఏ ప్రాంతపు తుప్పును లేశమైనను ఉండరాదు. తుప్పు వయస్సుతో పెరుగును గనుక, యాభై సంవత్సరములు దాటిన ఉద్యోగులను ప్రథమముగా శుద్ధి చేయవలెను." కాగితం దించాడు. "ఏటయ్యా కోటీ ఇది? మా అమ్మ నేర్పిన మాట తుప్పంట."

"శుద్ధి కాకపోతేనో?"

"మైకు నుంచి తీసి టైర్ల గోడౌనుకి ఏసెస్తారంట."

టైర్ల గోడౌనంటే కోటిలింగానికి భయం లేదు. నీడపట్టున ఉంటుంది, టైర్లు ఎవరితోనూ తగాదాకి రావు. అతను భయపడింది శుద్ధికి. తప్పితే మైకు పోతుంది. నెగ్గితే అసిరమ్మ పోతుంది. ఈ రెండింటి మధ్యా ఎటు పడాలో అతనికి తోచలేదు. ఆ సాయంత్రం 'బావూ' అన్నప్పుడల్లా ఓ క్షణం ఎక్కువ సాగదీశాడు.

నిర్ధారణకి మండలి ఉపసంచాలకులు డాక్టర్ చిదానందం వచ్చారు. రెస్ట్‌హవుసులో బల్ల వేసుకుని ఒక్కొక్కర్నీ పిలిచారు.

"జన్మస్థలం?"

"తెనాలి దగ్గరండి."

"మాట మాత్రం ఇక్కడిది. ఈ యాస మీకు ఏ వయస్సున సంక్రమించింది?"

"ఇరవై ఏడో ఏటండి."

"అసంభవం."

"అయిందండి."

"అయి ఉండవచ్చు. అయినను అసంభవం." ఆయన ఓపిగ్గా వివరించారు. "శిశువు చెవి చాట. ఎంత పోస్తే అంత పడుతుంది. పెద్దవాని చెవి జల్లెడ. పన్నెండు దాటిన వానికి కొత్త యాస అంటదని మండలి సిద్ధాంతం."

"నాకంటింది కదండీ."

"అంటే ఆనాటికి మీకు పన్నెండు నిండలేదన్నమాట."

"అప్పటికి బీయే ప్యాసయ్యానండి."

"విద్యార్హత వేరు, వయస్సు వేరు. భాషకు సంబంధించి మీరు ఈ ఊళ్ళోనే పుట్టారు. ఏ రోజున?"

కోటిలింగం తేదీ చెప్పాడు. నెత్తళ్ళ సంగతి చెప్పలేదు.

"భాషా జన్మదినం నమోదయినది. భాషా మాత పేరు?"

"అసిరమ్మండి" అన్నాడు.

"ఆమెతో మీకు బంధుత్వం?"

"నా భార్యండి."

చిదానందం కనురెప్ప ఆర్పకుండా రాసుకున్నారు. "బంధుత్వం, తల్లి మరియు భార్య. జీవించి ఉన్నారా?"

"లేదండి. నాలుగేళ్ళయింది."

"అయితే అనాథ" అని ఇంకో గడి నింపారు.

ఆమె పోయినప్పట్నించీ ఇరుగుపొరుగు పరామర్శకి వచ్చి, ఏ మాట అనాలో తోచక కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఇన్నాళ్ళకి సరైన మాట ఒక ప్రభుత్వ అధికారికి దొరికింది. కోటిలింగానికి ఆయన మీద చెప్పలేనంత గౌరవం కలిగింది. ఆ గౌరవంతోనే ధైర్యం చేసి అన్నాడు:

"పెద్దాళ్ళకి భాష రాకపోడానికి చెవొక్కటే కారణం కాదేమోనండి. సిగ్గు కూడా. పసివాడు తప్పు మాటాడితే ఇంటిల్లిపాదీ ముద్దు చేస్తారు. పెద్దవాడు మాటాడితే నవ్వుతారు. ఆ నవ్వుకి ఓర్చుకోగలిగితే కొంతలో కొంత వచ్చీస్తాదండి."

"సిగ్గుకు మండలిలో విభాగం లేదు" అన్నారు చిదానందం. "తర్వాతి వారు."

మండలి పద్ధతి తర్కానికి నిలిచేదే. వయసు పెరిగేకొద్దీ భాష రాదు కాబట్టి, భాష రావాలంటే వయసు తగ్గాలి. యాభై దాటినవాళ్ళ వయసుని నెలల పిల్లల వయసుకి దించి, అక్కణ్ణించి ప్రామాణికంగా పెంచుకు రావాలి. దీని పేరు 'పునఃశైశవ శిబిరం'. ఊరి చివర బడి హాస్టలు సెలవులకి ఖాళీగా ఉంటే అందులో పెట్టారు. గారపేట నుంచి ముగ్గురు తేలారు: కోటిలింగం, తవిటినాయుడు, ఇంకా కండక్టరు చిన్నమ్మి. చిన్నమ్మి ముప్ఫై ఏళ్ళుగా పార్వతీపురం రూట్లో టిక్కెట్లు కొడుతూ, బస్సులో ఎవరింటి గొడవ వారికి తీర్చి పంపేది.

ఊయలలు ముందే వచ్చాయి. టెండరులో 'శిశువుల ఊయలలు' అని రాశారు కాబట్టి శిశువుల ఊయలలే వచ్చాయి. తవిటినాయుడు చెప్పినమాట వినే మనిషి, కూచున్నాడు. లేచేసరికి ఊయల అతనితోపాటే లేచింది. దాంతో భావనపాడు వైపు వలలు అల్లేవాళ్ళని పిలిపించి, స్తంభాలకి పెద్ద తాళ్ళ ఊయలలు కట్టించారు. గోడమీద నియమాలు అంటించారు. శిక్షణార్థులు మొదటి దశలో మాట్లాడరాదు, వినవలెను. ఏడ్వవచ్చును. ఏడుపునందు ప్రాంతీయ ఛాయలున్నచో మాత దిద్దవలెను.

మాత అంటే ప్రామాణిక మాత. ఇది మండలిలో గెజిటెడ్ పోస్టు. రాష్ట్రమంతా గాలించి హైమావతి అనే ఆవిణ్ణి పట్టుకున్నారు. ఆవిడ తండ్రి రైల్వేలో పనిచేసి, ఏ స్టేషన్లోనూ రెండేళ్ళు నిలవలేదు. ఏ ఊరి పిల్లలతోనూ స్నేహం ముదిరేలోపు ఆవిడ పెట్టె సర్దుకోవలసి వచ్చేది. అందువల్ల ఆ మాటకి ఏ ఊరి వాసనా పట్టలేదు. నలభై అయిదేళ్ళు వచ్చినా స్టేషన్లో బండి వేళలు చెప్పే గొంతులా, నిర్మలంగా, ఎవరిదీ కానట్టు ఉండేది.

"ఇది పాలు" అంది హైమావతి మొదటి రోజు, ముగ్గురి మొహాల్లోకి చూస్తూ. "ఇది గిన్నె. అది కాకి. కాకి నల్లగా ఉంటుంది."

తవిటినాయుడు ఆశ్చర్యం నటించాడు.

నియమం ప్రకారం మాత పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండాలి. బిడ్డ ఒక్క మాట పలికేలోపు లక్షల మాటలు వింటుందని ఆ చలిదేశపు పండితుడు చెప్పాడు కాబట్టి. రెండో రోజు మధ్యాహ్నానికి హైమావతి గదిలో ఉన్న వస్తువులు అయిపోయాయి. కిటికీలోంచి కనిపించేవి అయిపోయాయి. గొంతు బొంగురు పోయింది.

"ఓలమ్మ, నోరెండిపోతాది. కాసేపు కూకోమ్మా" అంది చిన్నమ్మి ఊయల్లోంచి. "మేమెక్కడికీ పోం, పసోళ్ళం కదా."

"మీరు మాట్లాడకూడదమ్మా" అంది హైమావతి కంగారుగా.

"నాను మాటాడ్డం నేదు. ఏడుస్తన్నాను. ఏడవొచ్చని గోడమీద రాసుందా నేదా?"

హైమావతి గోడవంక చూసింది. రాసి ఉంది. కుర్చీలో కూలబడింది. ఆ క్షణం నుంచి నియమం ఏమాత్రం చెడకుండా నలుగురూ ఏడుస్తూ కబుర్లు చెప్పుకున్నారు. చిన్నమ్మి తన అత్తగారి గురించి ఏడ్చింది. తవిటినాయుడు డిపోలో స్పేర్‌పార్టుల గురించి ఏడ్చాడు. హైమావతి మొదట వింది. తర్వాత తన చిన్నతనం గురించి, తను పేర్లు మర్చిపోయిన స్నేహితుల గురించి చెప్పింది. ఆవిడది మాత్రం కొంచెం నిజం ఏడుపే.

ఈలోగా బయట ప్రపంచం డిపో మేనేజరు కోసం వెతుక్కుంటూ వచ్చింది. డీజిలు ట్యాంకరు గేటు దగ్గర నిలబడిపోయింది. కాగితం మీద తవిటినాయుడు సంతకం కావాలి. గుమాస్తా కాగితం తీసుకుని ఊయల దగ్గరికొచ్చేసరికి చిదానందం అడ్డుకున్నారు.

"శిక్షణార్థి భాషా వయస్సు నాలుగు మాసములు. మైనరు సంతకం చెల్లదు."

"బస్సులు ఆగిపోతాయండి" అన్నాడు గుమాస్తా.

"సంరక్షకుని చేత చేయించండి."

"సంరక్షకుడెవరండి?"

చిదానందం నియమావళి తిరగేశారు. అందులో శిశువులందరికీ సంరక్షకురాలు ప్రామాణిక మాత అని ఉంది. హైమావతి సంతకం పెట్టింది. మర్నాటి నుంచి డ్యూటీ చార్టులు, టైర్ల మార్పిడి, డ్రైవర్ల సెలవులు అన్నీ ఆవిడ దగ్గరికే వచ్చాయి. పది రోజులు తిరక్కుండా డిపో మొత్తం ఆవిణ్ణి 'అమ్మా' అనడం మొదలెట్టింది.

మైకు కూడా ఆవిడ మీదే పడింది. కోటిలింగం ఊయల్లో ఉంటే బస్సుల సంగతి ఎవరు చెప్పాలి? మొదటి సాయంత్రం హైమావతి బస్టాండుకి వెళ్ళి మైకు ముందు నిలబడి, "పాలకొండకు వెళ్ళు బస్సు మూడవ వేదికపై సిద్ధముగా నున్నది" అంది. ప్రయాణికులు వార్తలనుకుని శ్రద్ధగా విన్నారు. ఎవరూ కదల్లేదు. బస్సు ఖాళీగా వెళ్ళిపోయింది.

శిబిరానికి తిరిగొచ్చి ఆవిడ మొహం కడుక్కుని కోటిలింగం ఊయల పక్కన నిలబడింది.

"కోటిలింగం గారూ, మీరు ఏమని చెప్పేవారు?"

కోటిలింగం సందేహించాడు. అది ఎవరికీ ఇవ్వని వస్తువు. కానీ బస్సు ఖాళీగా వెళ్ళిపోయిందని ఆవిడే చెప్పింది. ముప్ఫై ఏళ్ళలో అలాంటిది జరగలేదు. చిన్నగా, ఎవరికీ వినబడకుండా, ఏడ్చి చూపించాడు.

"వచ్చీ... సింది" అంది హైమావతి. "బేగా... ఎక్కండి బావు."

కోటిలింగానికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు. నాలుగేళ్ళ నవ్వు, ఆగలేదు. ఊయల ఊగిపోయింది. ఆవిడ చిన్నబుచ్చుకుంటుందేమోనని భయపడి చూస్తే, ఆవిడా నవ్వుతోంది.

"మళ్ళీ చెప్పండి" అంది. "ఎక్కడ తప్పింది?"

"బేగ దగ్గర కొండెక్కాలమ్మా. బావూ దగ్గర దిగాలి. మధ్యలో ఆగకూడదు."

ఆవిడ ఆగలేదు. బస్టాండులో జనం నవ్వారు, అరటిపళ్ళ ముసలమ్మ మైకు గదిలోకే వచ్చి దిద్ది పోయింది. హైమావతి అందరి నవ్వులకీ ఓర్చుకుని, మర్నాడు ఇంకోసారి అంది. జనం బస్సు ఎక్కారు.

ఒక సాయంత్రం కోటిలింగం ఊయల్లో ఉగ్గు తాగుతున్నాడు. రాత్రి భోజనానికి అదే ప్రామాణికాహారం. బస్టాండు అక్కడికి కిలోమీటరుంటుంది. గాలి అటునుంచి వీస్తోంది. గాలితోపాటు మైకు మాట ఒకటి వచ్చింది. "బేగెక్కీయండి బావూ, సీట్లున్నాయి."

గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

గొంతు హైమావతిదే. కానీ ఆ ఎక్కడం, ఆ దిగడం, చివర్లో 'ఇంకేం భయం లేదు' అన్నట్టు వదిలేసే ఆ తీరు! ఇన్నేళ్ళూ దాన్ని తన నోటి లోపల్నించే విన్నాడు. అది తనదో ఆమెదో కూడా ఒక్కోసారి తెలిసేది కాదు. ఇప్పుడు బయటనుంచి వచ్చింది, చెవిన పడింది. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి ఇలా పోవచ్చునని అతనికి తట్టలేదు. పోగొట్టుకుంటానని అంత భయపడ్డాడు గానీ, పంచుకోవచ్చని అనుకోలేదు.

"ఏటన్నియ్యా, ఉగ్గు బాగునేదా?" అంది చిన్నమ్మి.

"బాగుంది" అన్నాడు. "చాలా బాగుంది."

వెంటనే ఇంకో భయం పట్టుకుంది. పరీక్ష దగ్గరపడుతోంది. తనకేమైనా ఫర్వాలేదు, పాపం ఆ మహాతల్లి పోస్టు ఊడుతుంది. ఆ మాటే ఆవిడతో అన్నాడు. "పరీక్ష రోజున మీ పాత మాట మాటాడీయండమ్మా."

హైమావతి నోరు తెరిచింది, ప్రయత్నించింది, మూసుకుంది. "రావట్లేదు కోటిలింగం గారూ. అంటే, వస్తాది గానీ... ఓలమ్మ, సూసినారా!"

పరీక్షకి మండలి కమిషనర్ విశ్వంభర్ గారు స్వయంగా వేంచేశారు. చొక్కా మీద ముడత లేదు, మాట మీద ముడత లేదు. ఆయన వెంట ఒక యంత్రం వచ్చింది. ముందు ప్రామాణిక మాత మాట్లాడాలి, తర్వాత శిక్షణార్థి మాట్లాడాలి. రెండూ ఎంత కలిస్తే నూటికి అన్ని మార్కులు.

హైమావతి యంత్రం ముందు కూచుని, ఇచ్చిన వాక్యం చదివింది. కోటిలింగం అదే వాక్యం చదివాడు. తొంభై ఎనిమిది. చిన్నమ్మికి తొంభై తొమ్మిది. తవిటినాయుడు జలుబు వల్ల తొంభై ఆరు దగ్గర ఆగాడు.

"అద్భుతం!" అన్నారు కమిషనర్ గారు. "మూడు వారములలో! చిదానందం గారూ, దీన్ని దేశానికి చాటవలె." అని, ఫోటోగ్రాఫరు తయారవుతున్నాడు గదాని, ముచ్చటపడి తానూ యంత్రం ముందు ఒక వాక్యం చదివారు.

పదకొండు.

"యంత్రం చెడినది" అన్నారు.

చిదానందం చదివారు. తొమ్మిది వచ్చింది. ఆయన మొహం పాలిపోయింది. "యంత్రం చెడలేదండి. ప్రమాణం కదిలినది."

"ప్రమాణం ఎట్లు కదులును?"

"నాలుగవ నిబంధనండి. ప్రమాణమనగా ప్రామాణిక మాత నోటినుండి ఆనాడు వెలువడునది. పాత టేపులు పెట్టి కాలక్షేపం చేయకూడదని న్యాయశాఖ వారు 'ఆనాడు' చేర్చారు."

"అయితే మాతను తొలగించి వేరొక మాతను నియమించండి."

"వీలుపడదండి. తొలగింపు అధ్యాయం రాస్తుండగా న్యాయశాఖ వారు ఆపేశారు. తల్లిని తొలగించు విధానం ఏ ధర్మశాస్త్రమందును లేదన్నారు."

అందరూ ప్రమాణం వంక చూశారు. ప్రమాణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నానేటి సేసినాను బావూ?" అంది సన్నగా.

యంత్రం దానంతటదే వంద చూపించింది.

కమిషనర్ విశ్వంభర్ గారి గురించి ఎవరేమన్నా, నిబంధన విషయంలో ఆయన రాయి. అక్కడే నిలబడి కొత్త సర్క్యులరు చెప్పి రాయించారు. నేటినుండి రాష్ట్ర ప్రమాణం గారపేటలో వెలువడునది. రాజధానిలోని యాభై దాటిన అధికారులందరికీ తుప్పు ఉన్నట్లు తేలినది గనుక, వారు దఫాలవారీగా ఇచ్చటి శిబిరమునకు రావలెను. నిద్రలో నాలుక అబద్ధమాడదు గనుక, రాత్రులందు శిక్షణార్థి పలవరించు మాటలలో పాత తుప్పు వినబడినచో కావలి ఉన్నవారు తక్షణము తెలియజేయవలెను. తుప్పు బయటపడినవారు మొదటి నెలనుండి మరల ప్రారంభింపవలెను.

"మొదటి దఫాలో ఎవరెవరిని వేయమంటారు?" అన్నారు చిదానందం, తన పేరు రాకూడదని మొక్కుకుంటూ.

"నన్ను" అన్నారు కమిషనర్ గారు.

తవిటినాయుడు, చిన్నమ్మి పెద్దవాళ్ళయిపోయి డిపోకి వెళ్ళిపోయారు. తవిటినాయుడు సంతకం పెట్టగలిగిన ఆనందంలో అక్కర్లేని కాగితాల మీద కూడా పెట్టాడు. కోటిలింగాన్ని మాత్రం మండలి కొన్నాళ్ళు ఆపుకుంది. అతనికి 'జ్యేష్ఠ శిశువు' అని కొత్త హోదా ఇచ్చారు. పగలు బస్టాండులో మైకు, రాత్రి శిబిరంలో కావలి. హైమావతి డిపో పనులు, మాత పనులు రెండూ చేసి అలిసిపోతుంటే, రాత్రి పూట నేను చూసుకుంటాను పడుకోండమ్మా అని అతనే అడిగి పుచ్చుకున్నాడు.

శిబిరంలో చేరిన మొదటి రాత్రి తొమ్మిదింటికి కమిషనర్ గారు లుంగీ, బనీను మీద ఊయల ముందు నిలబడ్డారు. ఇస్త్రీ లేకుండా ఆయన సగం మనిషిలా ఉన్నారు.

"కోటిలింగం గారూ, దీన్ని ఏ వైపు నుండి ఆరోహించవలెను?"

"ముందు కూకోండి బావూ. తర్వాత తల వాల్చీయండి. అదే పట్టుకుంటాది."

పట్టుకుంది. ఆయన కప్పువంక చూస్తూ బిగుసుకు పడుకున్నారు. కోటిలింగం తాడు పట్టుకుని మెల్లగా ఊపాడు. నియమం ప్రకారం జోలపాట పాడాలి. అతనికి పాట రాదు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, చేతనైనది, బస్సు దారి, నెమ్మదిగా సాగదీసి చెప్పాడు. "పాలకొండ... వీరఘట్టం... పార్వతీపురం... బొబ్బిలి..."

ఊళ్ళు గడిచేకొద్దీ కమిషనర్ గారి భుజాలు వదులయ్యాయి. సాలూరు దాటేసరికి ఊపిరి బరువెక్కింది. కోటిలింగం తాడు వదిలాడు. లేవబోతుంటే ఊయల్లోంచి మాట వచ్చింది. కళ్ళు మూసే ఉన్నాయి.

"జేజీ... రవన్ని నీళ్ళియ్యే."

అది మండలి భాష కాదు. గారపేట భాషా కాదు. ఎక్కడో సీమలో, ఎర్రమట్టి నేల మీద, చాప మీద పడుకున్న పిల్లవాడి మాట.

"ఆడ్నే కూసోవే జేజీ. పోవాకు."

కోటిలింగం కదలకుండా నిలబడ్డాడు. ఆ నాయనమ్మ ఎవరో, ఎన్నేళ్ళ కిందట పోయిందో. అంత పెద్ద చదువులూ, అన్ని పరీక్షలూ, ఇంత ఇస్త్రీ కింద ఈ మనిషి ఆవిణ్ణి ఎక్కడ దాచుకున్నాడో. దాచుకున్నట్టు ఆయనకైనా తెలుసో తెలీదో. కూజాలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి, తల కింద చెయ్యి పెట్టి రెండు గుక్కలు తాగించాడు. పసివాడు నిద్రలోనే తాగాడు.

వసారాలో చిదానందం మంచం వేసుకుని పడుకున్నారు. ఆయన దగ్గారు. "ఏమండీ జ్యేష్ఠ శిశువు గారూ! లోపల మాట వినబడినది. ఏదైనా తుప్పు రాలినదా?"

"లేదండి" అన్నాడు కోటిలింగం గుమ్మంలోకి వచ్చి. "నానే ఊళ్ళపేర్లు చెప్తన్నాను. నిద్రపోయినాడు."

లోపల్నించి మళ్ళీ ఏదో గొణుగుడు మొదలయింది. కోటిలింగం తిరిగి లోపలికి అడుగేసి, కిర్రుమనకుండా రెక్కని చేత్తో కొంచెం ఎత్తిపట్టి, తలుపు మూసేశాడు.